రంగు రాని నీళ్ళు

నా గురించి నేనే చెప్పుకోవడం మంచిది. మా బావమరిది చేతికి అవకాశమిస్తే ఇదే కథని పదింతలు చేసి, మధ్యలో లేచి నా నడకని కూడా అనుకరించి మరీ చెబుతాడు. ఇప్పటికే నలుగురి దగ్గర చెప్పాడని నాకు తెలుసు. అయిదో మనిషికి చేరేలోపు నేనే చెప్పేస్తున్నాను.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు నీళ్ళ శాఖలో పనిచేశాను. పెద్ద పదవేం కాదు. ఊళ్ళో ఇంటింటికీ తిరిగి, కుళాయి తిప్పి, సీసాలో నీళ్ళు పట్టి, అందులో మందు గోళీ వేసి, క్లోరిన్ ఉందో లేదో చూసి, కాగితం మీద రాసుకుని పక్కింటి గుమ్మం ఎక్కడం. క్లోరిన్ ఉంటే నీళ్ళు గులాబీ రంగుకి తిరుగుతాయి. ఎంత ముదురు రంగు వస్తే అంత ఎక్కువ ఉన్నట్టు. లేకపోతే తెల్లగానే ఉండిపోతాయి. పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఒక రంగుల అట్ట ఇస్తారు. మొదట్లో గోళీల బదులు చుక్కల మందు ఉండేది కాబట్టి అందరూ నన్ను చుక్కలాయన అనేవాళ్ళు. గోళీలొచ్చినా ఆ పేరు మాత్రం పోలేదు.

మామూలు పనే కదా అని మీరనుకుంటారు. నేనెప్పుడూ అలా అనుకోలేదు. ఊరు ఊరంతా నా గోళీ మీద ఆధారపడి బతుకుతోందని గట్టిగా నమ్మాను. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు ఇస్తే తాగేముందు గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూసేవాణ్ణి. మా బావమరిది పెళ్ళిలో భోజనాల బల్లల దగ్గర నా పరీక్ష కిట్టు తెరిచి, నీళ్ళ డ్రమ్ములు మూడూ పరీక్ష చేసి, "ఇక తాగొచ్చు" అని ప్రకటించాను. అప్పటికి రెండొందల మంది గొంతు ఎండి కూర్చున్నారు. పెళ్ళికూతురి తాతగారు ఎక్కిళ్ళతో నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. నేను మాత్రం కర్తవ్యం నెరవేర్చానన్న తృప్తితో రెండోసారి వడ్డించుకుని తిన్నాను.

రిటైరైన రోజు ఒక గోడ గడియారం చేతిలో పెట్టి పంపారు. కిట్టు కూడా నాకే వదిలేశారు, ఎందుకంటే అది పాతబడిపోయింది. మర్నాటి నుంచి నాకు ఏం చెయ్యాలో తోచలేదు. ఫ్రిజ్‌లో సీసాలు పరీక్ష చేశాను. పైన ట్యాంకు పరీక్ష చేశాను. పక్కింటివాళ్ళ చేపల తొట్టి పరీక్ష చేసి, అందులో క్లోరిన్ లేదని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. వాళ్ళు ఆ కాగితాన్ని ఏం చేసుకోవాలో తెలియక రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు. ఆ తర్వాత పరీక్ష చేయడానికి ఏమీ మిగల్లేదు. ముందుగదిలో ఒక కుర్చీ చూసుకుని కూర్చున్నాను. ఆరు నెలలు కూర్చున్నాను.

ఆ ముందుగది నిజానికి నాది కాదు, మా ఆవిడది. ఆవిడ టైలరు. కిటికీ పక్కన మిషను, దానికి ఎడంగా కత్తిరింపుల బల్ల, గోడకి మేకుల మీద దారం రీళ్ళు. కోట్లు కుడుతుంది. పేరు మోసింది మాత్రం కాజాల దగ్గర. బొత్తాం దూరే ఆ చిన్న చీలిక చుట్టూ చేత్తో కుట్టే కుట్టు ఉంటుంది చూశారా, అది. మిషను మీద నిమిషంలో అయిపోయే పనికి ఆవిడ పావుగంట తీసుకునేది. ఊరికి అవతలి చివర్నుంచి వేరే టైలర్లు సైతం తాము కుట్టిన కోట్లు పట్టుకొచ్చి, కాజాలు మాత్రం ఈవిడ చేత కుట్టించుకుని పోయేవాళ్ళు. "ఎలా ఉంది?" అని ఆవిడ ప్రతి కాజా నాకు చూపించేది. నేను పేపరులోంచి తల ఎత్తకుండా "బ్రహ్మాండం" అనేవాణ్ణి. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఎన్ని వేల బ్రహ్మాండాలు పారేశానో లెక్క లేదు.

పోయినేడు ఆవిడ వేళ్ళు బిగుసుకోవడం మొదలైంది. కీళ్ళవాతం. పొద్దున లేచేసరికి పిడికిలి ముడుచుకోదు, ముడిస్తే తెరుచుకోదు. మిషను మీద తిన్నగా కుట్టడం వరకు ఎలాగో నెట్టుకొచ్చేది కానీ సూది పట్టు పోయింది. ఒకరోజు ఎవరిదో నల్లకోటు ఒళ్ళో పెట్టుకుంది. సూది మూడుసార్లు జారింది. నాలుగోసారి ప్రయత్నించలేదు. కోటు మడిచి బల్ల మీద పెట్టి, "వాళ్ళొస్తే ఇది తీసుకెళ్ళిపోమని చెప్పండి" అంది. ఏడవలేదు, విసుక్కోలేదు, మామూలుగానే అంది.

డాక్టరమ్మ మందులు రాసి, రోజూ వేడినీళ్ళలో మెడవరకు మునిగి కూర్చోవాలనీ, ఇరవై నిమిషాల పాటు ఆ నీళ్ళలోనే వేళ్ళకి వ్యాయామం చెయ్యాలనీ చెప్పింది. "రెండు నెలలు చూద్దాం. వంగితే సరే. వంగకపోతే ఇక సూది పని మర్చిపోవాలమ్మా" అంది. మా ఆవిడ తల ఊపింది. ఆ వేళ్ళు మళ్ళీ సూది పట్టాలి, అంతే. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఇంకో కోరిక లేదు.

మెడవరకు వేడినీళ్ళంటే ఎక్కడ? మా స్నానాల గదిలో బకెట్టు పెడితే మనిషికి చోటుండదు. అప్పుడు ఆదుకున్నవాడు బావమరిదే. వాడు ప్లంబరు. పాత ఇంట్లో వాడికి హాట్ టబ్ ఉండేది. నలుగురు కూర్చునే పెద్ద తొట్టి, వేడి చేసే హీటరు, పక్కల నుంచి నీళ్ళు చిమ్మే జెట్లు, పైన బరువైన మూత. వాడు మేడ మీద వాటాలోకి మారడంతో దానికి చోటు లేకపోయింది. నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి, మా పెరట్లో రేకుల కింద సిమెంటు గచ్చు మీద బిగించి, పైపులు కలిపి, చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"బావా, పన్నెండొందల లీటర్లు పడుతుంది. క్లోరిన్ చూసుకోవాలి. వేడినీళ్ళు కాబట్టి కుళాయి నీళ్ళ లెక్క పనికిరాదు. బజారు చివర టబ్‌ల సామాను అమ్మే షాపులో ఒకమ్మాయి ఉంది, మొదటిసారి ఆ అమ్మాయిని అడిగి..."

"ఎవరికి చెబుతున్నావ్? క్లోరిన్ గురించి నాకా?" అన్నాను.

వాడు నోరు మూసుకున్నాడు. నోరు మూయించడంలో ఉన్న సుఖం ఎలాంటిదో మీకు తెలియంది కాదు. ఆరు నెలల తర్వాత మొదటిసారి నాకు ఆకలేసింది.

మర్నాడు తెల్లవారకముందే లేచాను. తల దువ్వుకున్నాను. ఒక కొత్త నోటుపుస్తకం కొని, గళ్ళు గీసి, తేదీ, వేడి, క్లోరిన్, వేసిన మందు అని రాశాను. మందు డబ్బా మీద ఎన్ని లీటర్లకి ఎన్ని చెంచాలో రాసే ఉంది. చదవలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు నోటితో చేసిన లెక్క కదా, నోటితోనే చేశాను. ఎటొచ్చీ ఆ లెక్క మా శాఖలో వాడే బ్లీచింగ్ పౌడరుది. దాంట్లో క్లోరిన్ మూడోవంతు కూడా ఉండదు. ఈ డబ్బాలోది సగానికి పైనే. ఆ సంగతి కూడా డబ్బా మీదే రాసి ఉంది. కొత్త పైపు వేసినప్పుడు గట్టిగా మందు కొట్టి కడగడం మా శాఖ అలవాటు. ఆ అలవాటు కొద్దీ ఇంకో నాలుగు చెంచాలు దండిగా తగిలించాను.

ఒకరోజంతా మూత వేసి ఉంచి, తర్వాత సీసాలో నీళ్ళు పట్టి గోళీ వేశాను. ఒక్క క్షణం ఏదో గులాబీ ఛాయ మెరిసినట్టనిపించింది. కళ్ళద్దాలు తుడుచుకుని చూస్తే నీళ్ళు తెల్లగా ఉన్నాయి. ఇంకో గోళీ వేశాను. అదే తెలుపు. అంత మందూ ఏమైపోయింది? నాకు వెంటనే అర్థమైంది. అసలు నా జీవితంలో ఏ తప్పుకీ కారణం వెంటనే తట్టకుండా పోలేదు. ఈ టబ్ మా బావమరిది ఇంట్లో పదేళ్ళు వాడింది. పైపుల్లో వాళ్ళ మురికి గడ్డకట్టి ఉంది. నా క్లోరిన్ని అది తినేస్తోంది.

పుస్తకంలో సున్నా అని రాసి ఇంకో చెంచా వేశాను. గంట ఆగి మా ఆవిడని దిగమన్నాను. అలా రోజూ పొద్దున పరీక్ష, రోజూ సున్నా, రోజూ ఒక చెంచా. వాడికి ఫోన్ చేసి "మీ వంశం మురికంతా నా టబ్‌లో ఉందిరా" అని చెప్పాను కూడా. వాడు పాపం సారీ చెప్పాడు.

క్లోరిన్ మరీ ఎక్కువైతే గోళీ మందునే విరిచేస్తుందట. రంగు వచ్చినట్టే వచ్చి పోతుందట. చూసినవాడు వెర్రివాడైతే సున్నా అనుకుంటాడు. ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవం ఉన్నవాడికి ఇది తెలియదా అని మీరడగొచ్చు. తెలియదు. నా కుళాయిల్లో ఎప్పుడూ లీటరుకి పాయింట్ రెండు, పాయింట్ మూడు మిల్లీగ్రాములే. ఒకటి వచ్చిందంటే ఆ రోజు ఆఫీసుకి ఫోన్ చేసేవాణ్ణి. అంతకు మించింది నేను చూడనే లేదు. శిక్షణలో ఒక పూట ఈ సంగతి చెప్పే ఉంటారు. నేను వెనక బెంచీలో గోడకి ఆనుకుని కునుకు తీసిన పూట అదే అయ్యుంటుంది.

వాసన రాలేదా అంటారు. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని ముక్క. నాకు క్లోరిన్ వాసన తెలియదు. ఉద్యోగంలో చేరిన పదేళ్ళకే ముక్కు దానికి అలవాటు పడిపోయింది. మల్లెపూల వాసన తెలుస్తుంది, మాడిన పాల వాసన తెలుస్తుంది, ఇదొక్కటే తెలియదు. నీళ్ళ శాఖ మనిషికి అది తెలియకపోవడం నామోషీ కాబట్టి ఎవరైనా "వాసనొస్తోందండీ" అంటే "మంచిదే, ఉండాలి" అనేసేవాణ్ణి.

మా ఆవిడ టబ్ కోసం మోకాళ్ళ దాకా మెరూన్ రంగు గౌను కుట్టుకుంది. నాలుగో రోజుకి అది కనిపించలేదు. దాని బదులు పాత దుప్పటి చింపి కుట్టిన తెల్లగౌను వేసుకుని వచ్చింది. "తెలుపెందుకు?" అన్నాను. "తెలుపైతే నీళ్ళలో మురికుంటే ఇట్టే కనిపిస్తుంది కదండీ" అంది. పొంగిపోయాను. ఇన్నాళ్ళకి నా సావాసంతో ఆవిడకి శాస్త్రీయ దృష్టి అబ్బిందని పక్కింటివాళ్ళకి చెప్పాను. ఇంకొన్నాళ్ళకి మధ్యాహ్నాలు చేతులకి గుడ్డ తొడుగులు వేసుకోవడం మొదలుపెట్టింది. "వేడి నిలవడానికి" అంది. అదీ బాగుందన్నాను. రోజూ ఆవిడ నీళ్ళలోంచి లేచి తువ్వాలు చుట్టుకుంటుంటే పుస్తకం పట్టుకుని అడిగేవాణ్ణి.

"నీళ్ళెలా ఉన్నాయి?"

"బాగున్నాయండీ."

పుస్తకంలో చివరి గడిలో 'బాగున్నాయి' అని రాసేవాణ్ణి. ముప్పై అయిదు రోజులకి ముప్పై అయిదు బాగున్నాయిలు. వేళ్ళు కూడా మెల్లిగా వంగుతున్నాయి. పిడికిలి ముప్పాతిక దాకా ముడుచుకుంటోంది. ఇదంతా నా నీళ్ళ గొప్పదనమేనని నేను వేరే చెప్పాలా?

అయిదు వారాలయ్యాక ఒక సెలవురోజు బావమరిది వచ్చాడు. ఫిల్టరు చూద్దామని మూత ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే వదిలేసి, నాలుగడుగులు వెనక్కి వేసి, దగ్గుతూ కళ్ళు నులుముకున్నాడు.

"బావా, ఇదేంటిది? దీంట్లో అక్క దిగుతోందా?"

"దిగకపోతే నువ్వు దిగుతావా?"

"కళ్ళు మండిపోతున్నాయి నాకు. ఎంతుంది క్లోరిన్?"

"సున్నా" అని పుస్తకం తెరిచి చూపించాను. "నీ మురికి తినగా మిగిలిందిరా ఇది."

వాడు పుస్తకం చూశాడు, నన్ను చూశాడు. "కాదు బావా, ఎక్కడో తేడా ఉంది. ఒక సీసాడు నీళ్ళు పట్టి ఆ షాపులో చూపిద్దాం" అన్నాడు. వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "నువ్వూరుకోరా. మీ బావకి తెలియదా?" అంది. ఆ మాటలో ఉన్న కంగారు నా చెవికి ఎక్కలేదు. నా పక్షాన మాట్లాడిందన్నదొక్కటే ఎక్కింది. నాకు ఒళ్ళు మండింది. పైపులు బిగించుకునేవాడు నాకు నీళ్ళ గురించి చెప్పడమా?

"నేనే వెళ్తాను. తేడా ఉందని తేలితే మీసం తీయించుకుంటాను" అని సీసా నింపి బయల్దేరాను.

షాపులో అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. నేను ఎవరో, ఎన్నేళ్ళు ఎక్కడ పనిచేశానో చెప్పాకే సీసా ఇచ్చాను. చాలా మర్యాదగా విన్నది. సీసా మూత తీసింది, మొహం పక్కకి తిప్పుకుంది. గోళీ వేసింది. నీళ్ళు తెల్లగా ఉన్నాయి. "చూశావా, సున్నా" అన్నాను. ఆ అమ్మాయి ఇంకో సీసా తీసి, మా నీళ్ళు ఒక వంతు పోసి, తొమ్మిది వంతులు కొన్న మంచినీళ్ళు కలిపి, మళ్ళీ గోళీ వేసింది. నిక్షేపంలాంటి గులాబీ రంగు వచ్చింది. రంగు కొలిచే మిషనులో పెట్టి చూసి, "రెండు పాయింట్ ఆరు. పదింతలు కదండీ, ఇరవై ఆరు" అంది.

"ఎంతుండాలి?" అని అడిగాను.

"మూడు నుంచి అయిదు లోపు ఉండాలండీ. మరీ ఎక్కువైతే రంగు విరిగిపోతుంది, చాలామంది లేదనుకుని ఇంకా వేసేస్తారు. మీలాంటివాళ్ళకి తెలిసే ఉంటుందనుకోండి." ఆ అమ్మాయి వెటకారంగా అనలేదు. నిజంగానే అంది. తర్వాత అడిగింది. "ఇందులో ఎవరైనా దిగుతున్నారా అండీ?"

"లేదమ్మా" అన్నాను. "ఇంకా ఎవరూ దిగలేదు."

"హమ్మయ్య. దిగనివ్వకండి. ఒళ్ళు పగిలిపోతుంది."

నేను జీవితంలో చాలా డాబులు కొట్టాను. గొప్పలు చెప్పాను. ఒక పరీక్ష ఫలితం దగ్గర అబద్ధం ఆడింది మాత్రం అదే మొదటిసారి. అక్కణ్ణించి ఇంటికి పది నిమిషాల నడక. ఎలా నడిచానో తెలియదు. ఒళ్ళు పగిలిపోతుందన్న మాట, గుడ్డ తొడుగులు, ఈ రెండూ పక్కపక్కన నిలబడి నన్ను చూస్తున్నాయి.

ఆవిడ మిషను ముందు కూర్చుని ఉంది. తమ్ముడు వెళ్ళిపోయాడట. నేను ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"ఆ తొడుగులు తియ్యి" అన్నాను.

"ఎందుకూ?"

"తియ్యి."

ఒక్కొక్కటే తీసింది. వేళ్ళ మొనలన్నీ ఎండిపోయి చీలికలు బారి ఉన్నాయి. బొటనవేలి దగ్గర చీలిక లోపల ఎర్రగా కనిపిస్తోంది. మోచేతుల దాకా పొలుసులు. దానిమీద నూనె రాసి తొడుగులు వేసుకుంటోంది. ఆ వేళ్ళతో గుడ్డ తాకితే దారాలు పట్టేసుకుని లాగేస్తాయి, సూది సంగతి తర్వాత.

"ఆ మెరూన్ గౌనేది?"

లేచి అలమారు అడుగునుంచి తీసుకొచ్చింది. నడుము పైనంతా తెలిసీ తెలియని ఇటుక రంగు, కింద తెల్లటి మరకలు. నేను చూస్తానని దాచింది. తెలుపు మీద ఏమీ తెలియదని దుప్పటి చింపుకుంది. ఆ సంగతి అర్థమయ్యేసరికి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఎప్పణ్ణించి తెలుసు నీకు?"

"రెండో రోజు నుంచి. కళ్ళు మండాయి."

"మరి చెప్పవేం?"

"ఏమని చెప్పమంటారు?" అని గౌను మడతపెడుతూ అంది. "ఆరు నెలలు ఆ కుర్చీలో కూర్చుని గోడవంక చూశారు. పిలిస్తే పలికేవారు కాదు. టబ్ వచ్చిన మర్నాడు చీకట్లో లేచి తల దువ్వుకుంటున్నారు. నేను మెలకువగానే ఉన్నాను, చూశాను. ఆ నీళ్ళు కూడా బాగోలేవంటే మళ్ళీ ఆ కుర్చీలోకే పోతారు. వేళ్ళు ఎలాగూ వంగుతున్నాయి కదా, తోలు మానకపోతుందా అనుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది. పెద్దమనిషిని కదా, ఆపుకోవాలని చూశాను, ఆగలేదు. ఆ చేతులు పట్టుకుందామంటే పట్టుకోవడానికి పగలని చోటు లేదు. మణికట్టు పైన పట్టుకుని, "తప్పు చేశాను" అన్నాను. ఈ మాట నేను ఆవిడతో ఎప్పుడూ అనలేదు. ఎవరితోనూ అనలేదు. చాలా చిన్న మాట, చెప్పడానికి మూడు క్షణాలు పట్టదు. నేను అరవై ఒక్క ఏళ్ళు తీసుకున్నాను.

"సరేలెండి" అంది.

"సరే కాదు. ఇకమీద మండితే మండిందని చెప్పాలి. నా కోసం బాగుందనకు."

ఆవిడ నన్ను తేరిపార చూసింది. "అలాగైతే మీరూ చెప్పాలి మరి. చూడకుండా బ్రహ్మాండం అంటే ఒప్పుకోను" అంది. తల ఊపాను. ఈ సంగతి కూడా ఆవిడకి మొదటినుంచీ తెలుసన్నమాట.

మీసం ఆ సాయంత్రమే తీసేశాను. అది చిన్న విషయం. బావమరిది పిలవగానే వచ్చి, నీళ్ళన్నీ ఖాళీ చేయించి, పైపులు కడిగాడు. మురికేమీ రాలేదు. నా నున్నటి మూతి చూసి కూడా ఆ రోజు ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి అనడం మొదలుపెట్టి ఇంతవరకు ఆపలేదు. మర్నాడే షాపుకి మళ్ళీ వెళ్ళి, ఆ అమ్మాయికి ఎవరూ దిగలేదన్నది అబద్ధమనీ, ఒకరు ముప్పై అయిదు రోజులు దిగారనీ, ఆ ఒక్కరూ నా భార్య అనీ చెప్పాను. ఆ అమ్మాయి నన్ను తిట్టలేదు. ఒక కాగితం తీసి, ఎన్ని లీటర్లకి ఎన్ని చెంచాలో, ఎన్ని గంటలకోసారి చూడాలో, రంగు రాకపోతే నీళ్ళు కలిపి మళ్ళీ ఎలా చూడాలో రాసిచ్చింది. నేను పక్కన నిలబడి స్కూలు పిల్లాడిలా తల ఊపాను.

వేళ్ళు మానడానికి పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజులూ టబ్ లేదు. వంగిన వేళ్ళు కొంచెం కొంచెంగా మళ్ళీ బిగుసుకోవడం నేను రోజూ చూశాను. పొద్దున కప్పు పట్టుకోవడానికి రెండు చేతులూ వాడేది. నేను అటు చూడలేక లేచి పెరట్లోకి పోయేవాణ్ణి. చర్మం మానాక మళ్ళీ నీళ్ళు నింపాను. ఇప్పుడు పద్ధతి వేరు. నేను పరీక్ష చేస్తాను, అంకె చెబుతాను. తర్వాత ఆవిడ మూత ఎత్తి వాసన చూస్తుంది, మోచెయ్యి ముంచి ఒక నిమిషం ఆగుతుంది. ఆవిడ ఊ అంటేనే దిగడం. రెండుసార్లు నా అంకె నాలుగే అయినా "ఇవాళ వద్దు, ముక్కుకి తగులుతోంది" అంది. మూత తీసి పెట్టి గంట ఆగాను. పుస్తకంలో అదీ రాశాను.

రెండు నెలల గడువు నిండింది. డాక్టరమ్మ వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూసి, చేతులు తిప్పి, వెనక ఇంకా మిగిలిన మచ్చలు చూసి, "ఇదేంటమ్మా?" అంది.

"అంట్ల సబ్బు పడలేదండీ" అని మా ఆవిడ అప్పుడే మొదలుపెట్టింది.

"సబ్బు కాదు. నేనే" అన్నాను. మొత్తం చెప్పాను, ఎన్నేళ్ళు నీళ్ళ శాఖలో చేశానో కూడా చెప్పాను, ఈసారి గొప్ప కోసం కాదు. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి నా వంక చూసింది. "వారాలు పోగొట్టారు" అంది. "వంగుతున్నాయి, కానీ మొనల్లో స్పర్శ ఎంత నిలిచిందో నేను చెప్పలేను. ఇంటికెళ్ళి సూది పట్టుకుని చూడమనండి. ఆవిడకే తెలుస్తుంది."

ఇంటికొచ్చి చెప్పులు విప్పగానే ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళింది. కోటుగుడ్డ ముక్కొకటి తీసుకుని చీలిక కత్తిరించింది. సూదిలో దారం తనే ఎక్కించుకుంది. అయిదోసారికి ఎక్కింది. నేను సాయం పట్టబోతే చేత్తోనే వద్దంది. స్టూలు మీద కూర్చున్నాను. సూది ఒకసారి జారింది, వెతికి తీసుకుంది. కాజా పూర్తవడానికి నలభై నిమిషాలు పట్టింది. దారం తెంపి, ముక్క నా చేతికిచ్చింది.

"ఎలా ఉంది?"

నాలుక చివరిదాకా పాత మాటే వచ్చింది. ఆవిడ మొహం చూస్తే ఇప్పుడు ఆ మాటే అనాలని ఎవరికైనా అనిపిస్తుంది. ముక్కని వెలుతురుకి తిప్పి, కళ్ళద్దాలు పెట్టుకుని, మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు దాకా చూశాను. ఆవిడ కాజాని నేను అలా చూడటం అదే మొదటిసారి.

"వంకరగా ఉంది" అన్నాను. "ఈ పక్క కుట్లు దగ్గరగా పడ్డాయి. ఆ పక్క దూరంగా ఉన్నాయి. చివర ముడి బయటికి కనిపిస్తోంది."

ఆవిడ ముక్క తీసుకుని చాలాసేపు చూసింది.

"అవును" అంది. "ఆ పక్క నాకు సూది తగిలినట్టు తెలియలేదు." కత్తెర మొనతో కుట్లన్నీ ఒక్కొక్కటిగా విప్పేసింది. అదే చీలిక మీద మళ్ళీ మొదలుపెట్టింది. నేను లేవలేదు. ఈసారి అరగంట పట్టింది. ఆ పక్క ఇంకా దూరమే, కానీ ముడి లోపలికి పోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ ఊ కొట్టి, మళ్ళీ విప్పి, సూదిలోకి కొత్త దారం తీసుకుంది.